కాయని ఉప్పగె చెట్లు: శిరసి దగ్గర ఒక తోట కేసు

కర్ణాటకలో ఉత్తర కన్నడ జిల్లా శిరసి తాలూకాలో ఒక వక్కతోట యజమాని దగ్గర నుంచి వచ్చిన కేసు ఇది. ఫిర్యాదు ఒక్క ముక్కలో చెప్పాలంటే, పన్నెండేళ్ళు దాటిన ఉప్పగె (కూరల్లో పులుపుకి వాడే కాయ) చెట్లు ఏటా పూస్తున్నాయి, సగం చెట్లకు మాత్రం ఒక్క కాయ కూడా లేదు.

తోట లోయలో ఉంటుంది. దాని పైవాలులో, సొంత పట్టా నేలలో, యాభైకి పైగా మొక్కలు వరసలుగా పెట్టించారు. అన్నీ విత్తనం మొక్కలే. నీడకి, తేమకి, ఆకు కుళ్ళిన నల్లమట్టికి లోటు లేదు. చెట్లు కూడా ఏపుగానే ఉన్నాయి, ముదురు పచ్చటి ఆకు నిగనిగలాడుతోంది. కాయ రాకపోయేసరికి ఆయన ఏటా ఒకటి చేస్తూ వచ్చారు. పశువుల ఎరువు పెంచారు. సున్నం వేశారు. ఎవరో చెబితే బోరాన్ కొట్టించారు. వేసవిలో నీళ్ళు పెట్టి చూశారు. చివరికి వీటిని కొట్టేసి మిరియాల తీగలకు వేరే చెట్లు పెడదామనుకుంటూ, కొట్టేముందు ఒకసారి చూడమని కబురు పెట్టారు.

"పేడ తింటుంది, నీళ్ళు తాగుతుంది, పూస్తుంది, కాయదు. ఇదేం చెట్టు మారాయా?" అన్నారు మమ్మల్ని చూడగానే.

మాది కడియం వైపు. అంట్లు కట్టడం మా ఇంటి పని. మామిడి, సపోటా, పనస అంట్లతో మొదలై, కొన్నేళ్ళుగా కర్ణాటక కొండప్రాంతం మలెనాడు వైపు కూడా పనులకు వెళుతున్నాం. ఉప్పగె మన గోదావరి జిల్లాల చెట్టు కాదు. అందుకే ముందు దాని సంగతి కొంచెం చెప్పాలి.

పశ్చిమ కనుమల్లో వానలు బాగా పడే సతతహరిత అడవుల్లో పుట్టి పెరిగే చెట్టు ఇది. కొంకణం నుంచి కిందికి కేరళ దాకా, ఆపైన శ్రీలంకలోనూ ఉంటుంది. శాస్త్రీయనామం గార్సీనియా గమ్మిగట్టా. పాత పుస్తకాల్లో గార్సీనియా కాంబోజియా అని కనిపిస్తుంది. కేరళలో కుడంపులి అంటారు, చేపల కూరలో వేసే నల్లటి పులుపు ముక్క ఇదే. శ్రీలంకవాళ్ళు గొరకా అంటారు. మంగోస్టీన్, కోకం దీనికి దగ్గర చుట్టాలు. కాయ చిన్న గుమ్మడికాయలా గాళ్ళు పడి ఉంటుంది, పండితే పసుపు రంగుకు తిరుగుతుంది. లోపల విత్తనాల చుట్టూ ఉండే గుజ్జు పులుపూ తీపీ కలిసి ఉంటుంది, పిల్లలు చప్పరిస్తారు. అమ్ముడుపోయేది మాత్రం తొక్క. దాన్ని ఎండబెట్టి పులుపుకి వాడతారు. మన చింతపండు చేసే పనే ఇది అక్కడ చేస్తుంది. చింత పులుపు టార్టారిక్ ఆమ్లానిది, దీని పులుపు చాలావరకు హైడ్రాక్సీసిట్రిక్ ఆమ్లానిది. చేపల కూర మర్నాటికి కూడా నిలవ ఉండాలంటే కుడంపులే వేయాలని మలయాళీలు గట్టిగా చెబుతారు.

పూత చూస్తేనే తేలింది

మేం వెళ్ళింది జనవరిలో. ఉప్పగె పూత సుమారుగా జనవరి నుంచి మార్చి దాకా ఉంటుంది, కాబట్టి వేరే పరీక్షలేవీ అక్కర్లేకపోయింది. ఒక్కో చెట్టు కిందికి వెళ్ళి కొమ్మ వంచి పూలు చూడడమే పని.

కాయని చెట్లలో ఒకదాని కొమ్మ వంచితే ఆకు మొదట్లో గుత్తులుగా పూలు. ఒక్కో పువ్వుకి నాలుగు రక్షకపత్రాలు, నాలుగు రేకులు, మధ్యలో కేసరాల ముద్ద. గోటితో ఆ ముద్దని విప్పితే కింద అండాశయం లేదు. పక్క వరసలో కాసే చెట్టు పూలు తెచ్చి అరచేతిలో పక్కపక్కన పెట్టి చూపించాను. ఆ పూలు గుత్తికి తక్కువ. మధ్యలో శనగగింజకన్నా చిన్న పచ్చటి ఉండ, దానిమీద గాట్లుపడిన కీలాగ్రం టోపీలా కూర్చుని ఉంది. ఆ ఉండ చుట్టూ కూడా కేసరాల్లాంటివి ఉన్నాయి గానీ అవి పొట్టివి. ఉండని నిలువునా కోస్తే లోపల గదులు కనిపిస్తాయి. రేపు కాయమీద పడే గాళ్ళు ఆ గదుల లెక్కే.

బొప్పాయి, తాడి తెలిసిన తెలుగు రైతుకి ఇది కొత్త సంగతి కాదు. పోతుచెట్టు (మగది), పెంటిచెట్టు (ఆడది) వేరువేరు. విత్తనంతో పెంచితే ఇంచుమించు సగం పోతులు వస్తాయి, ఒక్కోచోట సగం దాటుతాయి. ఆ తేడా బొప్పాయిలో నెలల్లో తెలిసిపోతుంది, దండగ మొక్కని పీకి పారేస్తాం. ఉప్పగెలో విత్తనం మొక్క పూతకు రావడానికే పదేళ్ళ పైన పడుతుంది. అసలు విత్తనం మొలవడానికే నెలల తరబడి పడుతుంది, పైపెచ్చు తీసి వేస్తే తొందరగా మొలుస్తుంది. అంటే రైతు మగమొక్కకి దశాబ్దం పాటు ఎరువు వేశాక గానీ అసలు సంగతి తెలియదు. ఈ తోటలో జరిగింది అదే. పూసిన చెట్లలో సగానికి కొంచెం పైన పోతులు. కొన్ని ఇంకా పూతకే రాలేదు.

యజమాని చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత బోరాన్‌కి ఎంత పెట్టారో లెక్క చెప్పారు.

ఇక్కడ ఒక మాట. ఈ చెట్లు పట్టా నేలలో ఉన్నాయి కాబట్టే చేయి పెట్టాం. శిరసి, సిద్దాపుర వైపు వక్కతోటలకి సొప్పినబెట్ట అని ఒక ఏర్పాటు ఉంది. తోటకి ఆకుఎరువు కోసం పక్కనున్న అడవి నేలలో కొమ్మలూ ఆకులూ కోసుకునే హక్కు, ఎకరం తోటకి తొమ్మిది ఎకరాల దాకా, బ్రిటిష్ వాళ్ళ కాలం నుంచీ వస్తోంది. హక్కు ఆకుకే, చెట్టుకి కాదు. అక్కడున్న ఉప్పగె చెట్టు తల తీయడమంటే అటవీశాఖతో తగువు తెచ్చుకోవడమే. పనికి పిలిచినవాళ్ళని సర్వే నంబరు అడిగాకే కత్తి బయటికి తీయడం మంచిది.

కొట్టేయాలా, తల మార్చాలా

చేయగలిగినవి మూడు. పోతుల్ని కొట్టేసి ఆడచెట్టు అంట్లు కొత్తగా నాటడం. పోతుల తల తీసి, వచ్చిన ఇగుర్ల మీద ఆడచెట్టు కొమ్మలు అంటుకట్టడం, అంటే టాప్ వర్కింగ్. లేదా ఉన్నదాన్ని ఉన్నట్టు వదిలేయడం.

కొత్త అంటు మూడు నాలుగేళ్ళకు కాపు మొదలుపెడుతుంది, కాబట్టి కొట్టేసి నాటడం కూడా చెడ్డదేం కాదు. కానీ ఈ వాలులో వానాకాలం నీళ్ళు ఉధృతంగా దిగుతాయి. పన్నెండేళ్ళ వేళ్ళు మట్టిని పట్టుకుని ఉన్నాయి. వాటిని పీకితే మట్టి నేరుగా కింద వక్కతోట కాలువల్లోకి పోతుంది. పైగా ముదురు వేళ్ళున్న చెట్టు మీద కట్టిన అంటుకి బలం ఎక్కువ. అందుకే మంచి చోట ఉన్న పోతులకి టాప్ వర్కింగ్ చేద్దామన్నాను. ఇంకా పూతకు రాని చెట్లని ముట్టుకోవద్దన్నాను.

అన్ని పోతులూ కాదు. పుప్పొడి కోసం కొన్ని ఉండాలి. కోకం తోటల్లో పదింట ఒకటి పోతు ఉంచమంటారు, ఇక్కడా ఆ లెక్కే పెట్టుకున్నాం. వరసల చివర, గాలికి ఎదురుగా ఉన్నవాటిని వదిలేశాం. అవతల అడవిలో సహజంగా పెరిగిన పోతులు ఎలాగూ ఉన్నాయి గానీ, పక్కవాడి అడవిని నమ్ముకుని తోట వేయడం నాకు ఇష్టం ఉండదు. యజమానికి మాత్రం ఇది మింగుడుపడలేదు. కాయని చెట్టుని తెలిసీ తెలిసీ ఎందుకు ఉంచాలని ఆయన వాదన. పోయిన ఏడు కాసిన చెట్లు ఆ పోతుల పుణ్యానే కాశాయని చెబితే కొంత తగ్గారు.

తల్లిచెట్టు ఏది అన్నది అసలు పని. కేరళ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన అమృతం, హరితం అనే రకాలు ఉన్నాయి, మంచివే. అయినా ఈ తోటకి చుట్టుపక్కల ఊళ్ళ చెట్లే వెతికాం. కారణం కాయ సైజు కాదు, పండే సమయం. ఉప్పగె జూన్ నుంచి ఆగస్టు మధ్యలో పండుతుంది. ఒక్కో చెట్టు ఒక్కోలా ఉంటుంది. జూన్ మొదట్లోనే రంగు తిరిగే చెట్టుకీ, ఆగస్టులో పండే చెట్టుకీ రైతు చేతికొచ్చే డబ్బులో చాలా తేడా. ఆ తేడా వానది. దాని సంగతి తర్వాత చెబుతాను. కాబట్టి ముందుగా పండేది, తొక్క మందంగా ఉండేది, ఏడాది విడిచి ఏడాది కాకుండా ఏటా కాసేది కావాలన్నాం. ఆ ఊరి కాయలు ఏరే ఆడవాళ్ళని అడిగితే రెండు చెట్లు చూపించారు. ఏ చెట్టు ఎప్పుడు రాలుస్తుందో వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

కత్తి పని

పోతుల్ని పూతలోనే రంగు పూసి గుర్తుపెట్టి, ఫిబ్రవరి చివర నడుమెత్తున కోశాం. నీరు నిలవకుండా ఏటవాలుగా కోత. ఒక కింది కొమ్మని అలాగే ఉంచాం, వేళ్ళకి తిండి అందాలి కదా. కోసిన మొహానికి బోర్డో పేస్టు. వక్కతోటల ఊళ్ళో దీనికి వెతుక్కోనక్కర్లేదు. వానాకాలం వక్కకాయకి వచ్చే కుళ్ళు తెగులు కోసం ప్రతి ఇంట్లోనూ మైలుతుత్తం, సున్నం ఉంటాయి. పిచికారీకైతే కిలో తుత్తం, కిలో సున్నం, వంద లీటర్ల నీళ్ళు. పేస్టుకి అదే కిలో, కిలోకి పది లీటర్లే.

ఏప్రిల్‌కి మోడు చుట్టూ ఇగుర్లు గుబురుగా లేచాయి. దూరంగా, బలంగా ఉన్నవాటిని మాత్రం ఉంచి మిగిలినవి గిల్లేశాం. మే నెలలో, తొలకరికి ముందు జల్లులు పడి గాలి చల్లబడ్డాక, పెన్సిల్ లావైన ఇగుర్ల మీద అంటు కట్టాం. తల్లిచెట్టు కొమ్మలకి వారం పదిరోజుల ముందే ఆకులు కత్తిరించి తొడిమలు ఉంచాం. ఆ తొడిమ ముట్టుకుంటే రాలిందంటే కన్ను ఉబికి సిద్ధంగా ఉందని గుర్తు.

మామిడికీ దీనికీ పనిలో తేడా పాలు దగ్గర. ఉప్పగె కొమ్మ కోసిన క్షణం పసుపుపచ్చటి జిగురుపాలు చుక్కలుగా ఉబుకుతాయి. ఈ జాతి చెట్లన్నిటికీ ఉన్న గుణమే ఇది. ఆ పాలు చీలికలో ఉండగా కొమ్మ దోపితే మధ్యలో పొరలా ఎండిపోయి రెండు చర్మాలూ కలవవు. అందుకని కోయడం, పాలు ఊరనివ్వడం, తడిగుడ్డతో తుడవడం, మళ్ళీ పల్చగా ఒక్క గీత గీయడం, వెంటనే దోపడం. మా జట్టులో కొత్తగా చేరిన కుర్రాడు మామిడి స్పీడులో పోతుంటే ఆపాల్సి వచ్చింది. "ఇది మనమాట వినే చెట్టు కాదండి, ఆయ్," అని నవ్వాడు గానీ, సాయంత్రానికి చేయి కుదిరింది. దోపాక పాలిథిన్ పట్టీతో బిగించి, పైన పాలఐసు కవరు తొడిగి కింద దారం కట్టాం. లోపల తేమ నిలవడానికి ఇంతకన్నా చవకైనది లేదు. ఎండ తగలకుండా వక్కమట్టలు ఆనించాం.

ఇక కొమ్మ ఎంపిక. ఉప్పగెలో నిటారుగా పైకి పోయే కొమ్మలు వేరు, అడ్డంగా పరుచుకునే పక్క కొమ్మలు వేరు. నిటారు కొమ్మతో కట్టిన అంటు విత్తనం చెట్టులాగే సూటిగా పెరుగుతుంది. పక్క కొమ్మతో కట్టింది పొదలా అడ్డంగా సాగుతుంది, ఎన్నేళ్ళయినా అదే బుద్ధి. నిటారు కొమ్మలు తల్లిచెట్టు చిటారున నాలుగైదు ఉంటే గొప్ప. నర్సరీలవాళ్ళు నిటారు కొమ్మే కావాలంటారు, అడ్డంగా పెరిగితే కొనేవాడికి నచ్చదు. ఇక్కడ రెండూ వాడాం. నన్నడిగితే, ఇలాంటి తోటకి పక్క కొమ్మే మేలు. ఈ కాయ కోసేది జోరువానలో. నాచు పట్టిన మాను మీద కోతవాడు ముప్పై అడుగులు ఎక్కాలి. ఆ ప్రాంతంలో ఉప్పగె ఎక్కి జారిపడినవాళ్ళ కథలు ప్రతి ఊళ్ళోనూ వింటాం. చేతికందే ఎత్తులో కాసే వంకరచెట్టు ముందు సూటిగా పెరిగిన అందమైన చెట్టు ఎందుకు పనికొస్తుంది?

మూడింట రెండు వంతులు అంటు పట్టాయి. మిగిలినవాటికి మరుసటి ఏడు మళ్ళీ కట్టాం. పట్టినవాటికి కూడా మొదటి వానాకాలం గండమే. గాలికి అతుకు దగ్గర విరిగేవి కొన్ని, కవరు తీయడం ఆలస్యమై బూజు పట్టేవి కొన్ని. వెదురుబద్ద కట్టి నిలబెట్టాం. కింద మోడు నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చే పిలకల్ని గిల్లుతూ ఉండాలని యజమానికి మరీమరీ చెప్పాం. ఆ పిలకలు పోతువి. వదిలేస్తే అంటుని మింగేసి మళ్ళీ పాత చెట్టే తయారవుతుంది. టాప్ వర్కింగ్ చెడిపోయిన తోటలు నేను చూసినంతలో ఎక్కువ చెడింది కత్తి దగ్గర కాదు, ఈ పిలకల దగ్గరే.

మూడో ఏడు అక్కడక్కడా కాయలు. నాలుగో ఏడు చెప్పుకోదగ్గ కాపు.

కాయ వచ్చాక అసలు టెన్షన్

కేసు ఇక్కడితో అయిపోయిందనుకోవచ్చు. అవలేదు. శిరసి వైపు జూలైలో రోజుల తరబడి సూర్యుడు కనిపించడు. ఆ వానలోనే ఈ కాయ పండి రాలుతుంది. రాలిన కాయ రెండు రోజులు నేలమీద ఉంటే పురుగు, బూజు. తెచ్చి, చీల్చి, గింజలు తీసి, తొక్క ఎండబెట్టాలి. ఎండ లేదు కాబట్టి పొయ్యి. పచ్చికాయ పది బుట్టలు ఎక్కిస్తే ఎండుతొక్క ఒక బుట్ట దిగుతుంది, మిగిలిందంతా నీరు, గింజ. ఆ నీటినంతా కట్టెలతో ఆవిరి చేయాలి.

ఉప్పగె కథలో చేదు భాగం ఇదే. కేరళ వ్యాపారులు చాలాకాలంగా ఇక్కడి తొక్క కొనుక్కుపోయేవాళ్ళు, అది నెమ్మదిగా సాగే బేరం. 1990ల్లో ఒంటి బరువు తగ్గించే మాత్రల కోసం విదేశాల గిరాకీ వచ్చిపడేసరికి ధర పెరిగింది. అడవిలో చెట్టు ఎవరి సొంతమూ కాదు, కాబట్టి నేను కోయకపోతే పక్కవాడు కోస్తాడన్న తొందర పుట్టింది. కాయ పండకముందే దులిపేవాళ్ళు, అందని కొమ్మని నరికేవాళ్ళు. అంతకన్నా నష్టం పొయ్యిలోకి పోయిన కట్టెది. ఉప్పగె ఎండబెట్టడానికి వేరే చెట్లు కొట్టాల్సి వచ్చింది. ఈ పండు తినే జంతువులూ తక్కువేం కాదు. శిరసి, హొన్నావర మధ్య అడవుల్లో ఉండే సింహపుతోక కోతులు ఈ కాయల కోసం వస్తాయి. వాటికోసం 2011లో అఘనాశిని కన్జర్వేషన్ రిజర్వు ప్రకటించారు. తోటలో ఆడచెట్లు పెంచడంలో నాకు కనిపించే పెద్ద లాభం ఇది, అడవి కాయ అడవికి మిగులుతుంది. కానీ తోటకాయ ఎండబెట్టడానికి మళ్ళీ అడవి కట్టే తెస్తే ఆ లాభం పొయ్యిలో పోసినట్టే.

ఈ తోటలో దారి యజమాని పెరట్లోనే దొరికింది. వక్కలు ఉడకబెట్టే పెద్ద పొయ్యి నవంబరు నుంచి వేసవి మొదలు దాకా మండుతుంది, వానాకాలమంతా ఖాళీ. వక్క ఒలిచాక మిగిలిన పీచు పెరట్లో గుట్టగా పడి ఉంటుంది. ఆ పీచుని వాన తగలకుండా కొట్టంలో దాచి, ఆ పొయ్యి మీదే తడికెల అరలు కట్టించాం. పొగ నేరుగా తొక్కకి తగలకుండా రేకు గొట్టంలోంచి బయటికి పోయేలా, వేడి మాత్రం పైకి వచ్చేలా స్థానిక వెల్డరు ఒక ఏర్పాటు చేశాడు. పీచు త్వరగా మండి త్వరగా ఆరిపోతుంది, కనిపెట్టుకుని ఉండాలి. ఆయన భార్య, కోడలు రాత్రిళ్ళు వంతులేసుకున్నారు. ఈ పని లెక్కలోకి ఎవరూ వేయరు గానీ, తొక్క నాణ్యత అంతా ఆ నిద్రలేని రాత్రులదే.

అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. పొగ తగలని తొక్క శుభ్రంగా, గోధుమరంగులో ఉంది, రసం తీసే కంపెనీల తరఫు వ్యాపారి మెచ్చుకున్నాడు. మరో వ్యాపారి, కేరళకి పంపేవాడు, ముక్క వాసన చూసి పక్కన పెట్టేశాడు. అతనికి కావాల్సింది పొగలో నల్లబడ్డ ముక్క. చేపల కూరకి ఆ పొగవాసనే ప్రాణం. ఒకే కాయకి రెండు బజార్లు, ఒకదానికి లోపమైంది ఇంకోదానికి గుణం. రేకు గొట్టానికి మూత పెట్టించి, అవసరమైతే పొగని అరల్లోకి మళ్ళించుకునేలా చేశాం. కేరళ పద్ధతిలో నిలవకి ఎండుతొక్క కిలోకి 150 గ్రాముల ఉప్పు, 50 మిల్లీలీటర్ల కొబ్బరినూనె పట్టిస్తారు. అలా చేస్తే ముక్క మెత్తగా ఉంటుంది, బూజు పట్టదు. యజమాని ధర చూసుకుని కొంత అటు, కొంత ఇటు అమ్ముతున్నారు. ధర మీద మాత్రం నేను ఎవరికీ హామీ ఇవ్వను, ఈ ఏడు ఉన్నది వచ్చే ఏడు ఉండదు.

ఎండబెట్టాల్సిన అవసరమే లేని దారి కొడగువాళ్ళది. పండిన కాయల్ని బుట్టలో వేసి కింద గిన్నె పెడతారు. కాయలు మెత్తబడి కుళ్ళుతూ రసం కారుతుంది. ఆ రసాన్ని నల్లగా చిక్కబడే దాకా మరిగిస్తే కాచంపులి. వాళ్ళ పంది కూరలో పులుపు అదే. ఏళ్ళ తరబడి సీసాలో ఉంటుంది. వానలో పండే కాయకి ఇంతకన్నా తెలివైన పని లేదు. శిరసిలో ఇది చేసి చూడమన్నాను. చేశారు, బాగానే వచ్చింది, కానీ ఆ ఊళ్ళో దాన్ని కొనేవాళ్ళు లేరు. గింజల్ని మాత్రం శిరసి వైపు వాళ్ళు ఎప్పటినుంచో పారేయరు. ఎండబెట్టి, దంచి, నీళ్ళలో మరిగించి పైన తేలే కొవ్వు తీస్తారు, ఉప్పగె తుప్ప అంటారు. చల్లారితే గడ్డకడుతుంది. దోసెలకి వాడతారు, పగిలిన మడమలకి రాస్తారు.

రెండు తరచు ప్రశ్నలు

మా ఊళ్ళో ఈ చెట్టు పేరెత్తగానే వచ్చే మొదటి ప్రశ్న, "బరువు తగ్గుతారటగా?" ఈ కాయలోని ఆమ్లం ఫలానాదని 1965లో తేల్చింది మైసూరులోని ఆహార పరిశోధన సంస్థ సీఎఫ్‌టీఆర్‌ఐ శాస్త్రవేత్తలు లూయిస్, నీలకంఠన్. ఒంట్లో కొవ్వు తయారీకి కావాల్సిన ఒక ఎంజైమును ఇది అడ్డుకుంటుందని తర్వాత ప్రయోగశాలలో తేలింది. మాత్రల వ్యాపారమంతా అక్కడి నుంచే లేచింది. 1998లో అమెరికాలో 135 మంది మీద 12 వారాలు పరీక్షించి చూస్తే, మాత్రలు వేసుకున్నవాళ్ళకీ ఉత్తుత్తి మాత్రలు వేసుకున్నవాళ్ళకీ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇలాంటి మాత్రలు వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులూ ఉన్నాయి. కూరలో ముక్క వేసుకోండి, మాత్రల జోలికి వెళ్ళకండి అంటాను. ఆ మాత్రల గిరాకీని నమ్ముకుని తోట వేయడం కూడా వద్దంటాను.

రెండోది, "మన దగ్గర వస్తుందా?" తేమకి, నీడకి, ఏడాదిలో ఎక్కువ నెలలు తడిగా ఉండే నేలకి అలవాటు పడిన చెట్టు ఇది. కోస్తా జిల్లాల్లో పెరట్లో నీళ్ళు పెట్టి, కొబ్బరి నీడలో ఒకటీ అరా పెంచుకోవచ్చు. రోహిణి కార్తె ఎండలకి తోటగా వేయమని మాత్రం చెప్పను. కాయ కోసం పెట్టుకునేవాళ్ళు, ఆడచెట్టు కొమ్మతో కట్టిన అంటు అని నర్సరీవాడు చూపిస్తేనే కొనండి, పుప్పొడికి పోతు కూడా కావాలని మరవకండి. అంటు అతుకు కనిపించాలి, పక్క కొమ్మదా నిటారుదా కూడా అడగండి. విత్తనం మొక్క చవకగా వస్తుంది, పదేళ్ళ తర్వాత దాని అసలు ధర తెలుస్తుంది.

కర్ణాటకలోనే వాన ప్రాంతంలో ఇలాంటి చెట్టు వేద్దామనుకునే, ఎండబెట్టే సదుపాయం లేని రైతుకి నేను ఉప్పగె చెప్పను, కోకం చెబుతాను. అదీ ఈ కుటుంబమే, అదీ పోతు పెంటి వేరే. కానీ ఏప్రిల్, మే నెలల్లోనే పండడం మొదలుపెడుతుంది, ఎండలో ఎండుతుంది, పానకానికి గిరాకీ ఉంటుంది, మహారాష్ట్రలోని దాపోలి వ్యవసాయ విశ్వవిద్యాలయం నుంచి కొంకణ్ అమృతా లాంటి ముందుగా పండే రకం ఉంది. వానలు ముందే వస్తే దానికీ తిప్పలే, అయినా ఉప్పగె అంత కాదు.

ఈ తోటలో ఇంకా పని మిగిలే ఉంది. పూతకు రాని చెట్లు కొన్ని కిందటి ఏడు పూశాయి, అందులోనూ పోతులే ఎక్కువ తేలాయి. వాటిలో రెండు గట్టు చివర ఉన్నాయి కాబట్టి అలాగే ఉంచుతున్నాం. మిగతావాటికి ఈ ఫిబ్రవరిలో తల తీస్తాం. పక్క ఊళ్ళ నుంచి ఫోన్లు వస్తున్నాయి, వచ్చి అంట్లు కట్టమని. పూత వచ్చినప్పుడు ప్రతి చెట్టు నుంచీ నాలుగు పూలు కోసి, చెట్టు నంబరు రాసి ఫొటో తీసి పంపమంటున్నాను. చాలామంది ఆకుల ఫొటోలు పంపుతున్నారు.